కాలువ అవతల పెంకుటింటి కొట్టు: పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక సంఘ చైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, పట్టణ ప్రణాళిక విభాగం అధికారులకు, వార్డు సభ్యులందరికీ నమస్కారం.

కాలువ వంతెన దిగగానే ఎడమ చేతి వైపు మొదటి మలుపులో ఉన్న పెంకుటిల్లు, అంటే పేటలో అందరూ ‘పెంకుటింటి కొట్టు’ అని పిలిచే కిరాణా దుకాణం, రోడ్డు విస్తరణలో తొలగించే కట్టడాల జాబితాలో చేరింది. అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా తెలపమని మీరే ప్రకటన ఇచ్చారు. ఇది నా అభ్యంతరం. ఒక ప్రతి మీ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. రెండో ప్రతిని అందరూ చదివేలా ఇలా బయట పెడుతున్నాను. మీ జాబితాకు జతచేసిన పరిశీలన నివేదిక ఆ ఇంటి గురించి నాలుగే ముక్కలు చెప్పింది. ఆ నాలుగు ముక్కలూ రేపు ఈ డెల్టాలో ఏ పట్టణంలో ఏ పాత ఇంటినైనా పడగొట్టడానికి పనికొస్తాయి. అందుకే ఇది మీకూ నాకూ మధ్య ఉత్తరంగా మిగిలిపోకూడదనుకున్నాను.

నివేదిక చెప్పేది ఇది. ఆ ఇంటి వయసుకు ఆధారం లేదు. అది మండువా లోగిలి కాదు. ప్రముఖులెవరికీ దానితో సంబంధం లేదు. ఏళ్ల తరబడి వ్యాపారానికి వాడుతూ మార్పులు చేసినందువల్ల అసలు రూపం పోయింది, కాబట్టి వారసత్వ విలువ లేదు.

వయసు సంగతి ముందు తేల్చేద్దాం. ముందు గోడ మీద, కొప్పు కింద, సున్నంతో పోసిన అంకెలున్నాయి. ఒకటి, తొమ్మిది, మూడు మిగిలాయి. నాలుగోది ఎప్పుడో రాలిపోయింది. చివరి అంకె లేకపోతే పదేళ్ల లోపు తేడా వస్తుందేమో గానీ, ఇంటికి వయసే లేకుండా పోదు. ఆ అంకె కావాలంటే మీ రెవెన్యూ విభాగంలో పాత ఆస్తి పన్ను రిజిస్టర్లు తిరగేయించండి. ఆధారం మీ బీరువాలో పెట్టుకుని ఆధారం లేదని రాయడం ఏ పద్ధతో నాకు అర్థం కాలేదు.

ప్రముఖుల విషయం. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారి ఇంటిని ప్రభుత్వం కాపాడుతోంది. కాపాడాల్సిందే. మన పేటలో ఈ ఇల్లు కట్టించింది ఒక ప్లీడరు గుమాస్తా అని పెద్దలు చెబుతారు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆయన రాసిన దస్తావేజుల మీద ఈ చుట్టుపక్కల ఎన్ని ఎకరాలు చేతులు మారాయో ఎవరూ లెక్క కట్టలేదు. పట్టణం అనేది మహానుభావులతో మాత్రమే నిండదు కదా, గుమాస్తాలు కూడా ఎక్కడో ఒకచోట కాపురం ఉండాలి.

మండువా లోగిలి కాదన్నారు. కాదు, నిజమే. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి వాన నీరంతా నడిమి మండువాలో పడే ఆ ఇళ్లు గొప్పవే. సినిమా వాళ్లు వచ్చి షూటింగులు చేసుకునేంత గొప్పవి. కానీ అవి పొలాలూ పాలేర్లూ గాదెలూ ఉన్న కుటుంబాల ఇళ్లు. గోదావరి డెల్టా చరిత్రలో అవి ఒక అధ్యాయం. ఈ చిన్న ఇల్లు దాని తర్వాతి అధ్యాయం.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. అక్కడి నుంచి మనం చెప్పుకునే కథ కాటన్ దొర విగ్రహానికి దండ వేసి ఆగిపోతుంది. అసలు కథ ఆ తర్వాతే ఉంది. కాలువలు పొలాలకు నీరిచ్చాయి, దానితో పాటు పడవలనూ నడిపించాయి. ధాన్యం పడవలెక్కి వెళ్లింది. కలప, సున్నం, పెంకులు పడవలెక్కి వచ్చాయి. ధాన్యం డబ్బు వెంట మిల్లులు, కోర్టులు, బడులు, రిజిస్ట్రారు కచేరీలు వచ్చాయి. వాటిలో పనిచేసే జీతగాళ్లు వచ్చారు. వీళ్లకు ఊరి నడుమ తాతల నాటి లోగిలి లేదు, కాబట్టి కాలువ అవతల ఐదారు సెంట్లు కొనుక్కుని వంతెన దాటి ఇళ్లు కట్టుకున్నారు. అప్పటికి అది ఊరి బయట. ఇప్పుడు మీరు ‘ప్రధాన వాణిజ్య మార్గం’ అని రాస్తున్న రోడ్డు అప్పట్లో బండి బాట. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు 1928లో వచ్చింది, ప్రపంచ యుద్ధం కోసం పట్టాలు పీకేయడంతో 1940లో పోయింది, 2004లో మళ్లీ వచ్చింది. పోయిన కాలువ పడవలు మాత్రం మళ్లీ రాలేదు. ఆ పడవల మీద వచ్చిన సరుకు ఇంకా నిలబడి కనిపించేది ఇలాంటి కప్పుల మీదా గోడల్లోనే.

నేను నీటిపారుదల శాఖలో ఓవర్సీయరుగా చేసి రిటైరైనవాడిని. గోడను చూస్తే దాన్ని కట్టినవాడి ఆలోచన చూడటం నా అలవాటు. కాబట్టి ఆ ఇంటిని కాస్త తీరిగ్గా వర్ణిస్తాను, ఓపిక పట్టండి. నివేదిక రాసినవారు రోడ్డు మీది నుంచే ఫొటో తీసుకున్నట్టున్నారు, ఫ్లెక్సీ బోర్డు తప్ప అందులో ఏమీ కనబడటం లేదు.

ఆ ఫ్లెక్సీ వెనక ముందు వసారా ఉంది. ఆరడుగుల వెడల్పు, నాలుగు చెక్క స్తంభాలు, ఒక్కొక్కటీ రాతి దిమ్మె మీద నిలబెట్టింది. నేల తడి కలపకు ఎక్కకుండా చేసిన ఏర్పాటు అది. వసారా వెనక మూడు గదులు, వాటి వెనక వంట పంచ, పెరట్లో నుయ్యి. ఇటుక గోడలకు గుల్ల సున్నం పూత. గుమ్మాలు టేకువి, వాసాలు మాత్రం తాటివి. చేవ తేలిన ముదురు తాటిని చెద పురుగు అంత తేలిగ్గా ముట్టదని మన వడ్రంగులకు తెలుసు, గుమాస్తాకు టేకు వాసాలు కొనే స్తోమత లేదనీ తెలుసు. కంటికి కనబడేచోట టేకు, కనబడని చోట తాటి. ఒక మధ్యతరగతి మనిషి జేబు ఎంత లోతో ఆ కప్పు కింద నిలబడి తల ఎత్తితే తెలుస్తుంది. పైన బంగాళా పెంకు. మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత సంస్థ వాళ్లు 1865లో పెట్టిన పెంకు ఫ్యాక్టరీ నుంచి దేశమంతా పాకిన నమూనా అది. పెంకుకూ పెంకుకూ మధ్య సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. మే నెలలో మధ్యాహ్నం పూట ఆ కొట్టులో ఒక పావుగంట నిలబడి, తర్వాత పక్కనున్న రేకుల షెడ్డులో నిలబడి చూడండి. దీనికి ఇంజనీరు అక్కర్లేదు.

ఇక నాలుగో ముక్క. దుకాణం కావడం వల్ల అసలు రూపం పోయిందట. నా పేచీ అంతా దీనితోనే.

ఆ ఇల్లు దుకాణం కాకపోయి ఉంటే ఈపాటికి ఉండేదే కాదు. ఆ వరుసలో అదే కాలంలో కట్టిన ఇళ్లు ఇంకా ఉండేవి. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయి తాళాలు వేసిన ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా కూలాయి. తాళం వేసిన పెంకుటిల్లు మన వానల్లో ఎక్కువ కాలం నిలవదు. ఒక పెంకు పగిలితే నీరు కారుతుంది, కింది రీపరు కుళ్లుతుంది, వాసం వంగుతుంది, చూసే దిక్కు లేక ఒక వానాకాలం తర్వాత ఇంకో వానాకాలానికి కప్పు దిగబడుతుంది. కొట్టు ఉన్న ఇంట్లో మాత్రం కారిన చుక్క బియ్యం బస్తా మీద పడుతుంది. ఆ మర్నాడే పెంకు మారుతుంది. బియ్యం బస్తా కాపాడినన్ని పాత ఇళ్లను మన రాష్ట్రంలో ఏ శాఖా కాపాడి ఉండదు.

పోనీ ఆ మార్పులేమిటో చూద్దాం. గుమాస్తా గారి తరం అయ్యాక వసారాలో ఒక కొసన కుట్టు మిషను పెట్టారు. దాని కోసం తూర్పు కిటికీని కింది దాకా కోసి వెలుతురు పెంచారు. ఆ కోత ఇప్పటికీ ఉంది. తర్వాత అద్దె సైకిళ్లు వచ్చాయి. గంటకు అద్దె ఎంతో నల్ల రంగుతో రాసిన గోడ మీద తర్వాత సున్నాలు పడ్డాయి గానీ, ఏటవాలు ఎండలో ఆ అక్షరాలు ఇంకా తేలుతుంటాయి. ముందరి చక్రం ఆన్చిన చోట గోడ వరుసగా అరిగి గుంటలు పడింది. ఆపైన కిరాణా వచ్చింది. నడిమి గుమ్మాన్ని వెడల్పు చేసి, గాడిలో నిలిపే చెక్క పలకలు పెట్టారు. పలకల మీద రంగుతో వరుస అంకెలున్నాయి. పొద్దున ఒక్కొక్కటీ తీసి వసారా గోడకు ఆనిస్తారు, రాత్రి మళ్లీ వరుస తప్పకుండా పెడతారు. ఇప్పుడు పప్పులూ ఉప్పులతో పాటు కొబ్బరి పీచు తాళ్లు, తాటాకు బుట్టలు, చీపుర్లు వసారా దూలానికి వేలాడుతుంటాయి. వీటిలో ఏది ‘అసలు రూపాన్ని’ చెడగొట్టింది? జీతం మీద బతికిన పేట చిన్న వ్యాపారాల మీద బతకడం ఎలా నేర్చుకుందో ఆ ఒక్క గోడ మీద వరుసగా ఉంది. నిర్మానుష్యంగా, నిన్న సున్నం వేసినట్టు ఉంటేనే వారసత్వం అనుకుంటే మ్యూజియంలో బొమ్మ ఇల్లు పెట్టుకోవడం తేలిక.

రోలింగ్ షట్టరు బిగించిన పడమటి గది, రోడ్డు వైపు వేసిన రేకుల చూరు, ఆ ఫ్లెక్సీ, ఈ మూడింటినీ నేను సమర్థించను. అవి బోల్టులతో బిగించినవి, ఒక పూటలో ఊడదీయవచ్చు. ఊడదీయగలిగే మార్పును చూపించి కట్టడాన్నే ఊడదీయమనడం మాత్రం విడ్డూరం.

జాబితా పై వరుసలో ‘శిథిలావస్థ’ అనే మాట కూడా ఉంది. గోడల అడుగున రెండడుగుల మేర చెమ్మ ఎక్కి పూత రాలుతున్న మాట వాస్తవం. కారణం ఇల్లు కాదు. సున్నపు గోడ లోపలి తడిని బయటికి వదిలేస్తుంది. పదిహేను ఇరవై ఏళ్ల కింద ఎవరో సలహా చెబితే బయటి గోడ అడుగున సిమెంటు పూత పూశారు. భూగర్భ జలం ఇంత పైన ఉండే మన నేలలో తడి పైకి ఎక్కుతూనే ఉంటుంది, సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, లోపలి సున్నాన్ని ఉబ్బించి రాల్చేస్తుంది. రెండో కారణం మీ రోడ్డు. పాత తారు చెక్కకుండా దాని మీదే కొత్త పొర వేసుకుంటూ పోయారు. మూడు మెట్లెక్కి చేరాల్సిన అరుగు ఇప్పుడు రోడ్డుకు సమానమైంది, పెరడు రోడ్డు కంటే పల్లమైంది. వాన నీరంతా ఆ పక్కకే పోతుంది. పురపాలక సంఘం పంపిన నీరు పురపాలక సంఘం దృష్టిలో ఆ ఇంటి లోపమైంది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు ఆ కప్పు మీది పెంకులు చాలానే ఎగిరిపోయాయి. వాసం ఒక్కటి కదలలేదు. ఎగిరినచోట పెంకులు మళ్లీ పేర్చారు, అంతే. ఆ రోజుల్లో కొత్తదిగా ఉన్న మన మార్కెట్ కాంప్లెక్సు స్లాబు నుంచి ఇప్పుడు పెచ్చులు ఊడి పడుతున్నాయి. ఉప్పు గాలికి లోపలి ఇనుము తుప్పు పట్టి కాంక్రీటును చీలుస్తోంది. దాన్ని ఎవరూ శిథిలం అనలేదు, మరమ్మతుకు నిధులు మంజూరు చేశారు. నేనడిగేదీ అదే మర్యాద.

చట్టం ఒప్పుకోదని కొందరు సభ్యులు నాతో అన్నారు. కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం గానీ, మన రాష్ట్రం 1960లో చేసిన చట్టం గానీ కనీసం వందేళ్లు నిండిన కట్టడాల కోసం చేసినవి. వాటి కింద ఈ కొట్టు రాదు, రావాలని నేనూ అనడం లేదు. కోటలకూ గుళ్లకూ చేసిన చట్టంలో కిరాణా కొట్టు కోసం వెతకనక్కర్లేదు. కానీ ఆ చట్టం వర్తించకపోతే పడగొట్టి తీరాలని కూడా ఎక్కడా లేదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు పట్టణ సంస్థలకు అప్పగించిన పనుల్లో పట్టణ ప్రణాళిక ఉంది, సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహమూ ఉంది. ముంబయి 1995లోనే వారసత్వ భవనాల నిబంధనలు తెచ్చి, వాటిని మూడు శ్రేణులుగా విడగొట్టింది. మూడో శ్రేణి సరిగ్గా ఇలాంటి వాటి కోసమే. దేశానికి కాకపోయినా ఆ వీధికి రూపం ఇచ్చే కట్టడాలు అందులోకి వస్తాయి, వాటిలో వాడకం మారినా, లోపల మార్పులు చేసుకున్నా అభ్యంతరం ఉండదు. కేంద్రం 2016లో రాష్ట్రాలకు పంపిన నమూనా భవన నిబంధనల్లోనూ ఇదే తరహా వర్గీకరణ ఉంది. అహ్మదాబాద్ పాత నగరానికి 2017లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అక్కడి పోళ్లలో, అంటే ఇరుకు సందుల పాత వాడల్లో, జనం కాపురాలు చేస్తూ, కింద దుకాణాలు నడుపుతూ ఉండగానే వచ్చింది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చూడటానికి యానాంను పాలించే పుదుచ్చేరి వైపు తొంగి చూస్తే చాలు. పుదుచ్చేరిలో ఫ్రెంచి కాలపు పురపాలక భవనాన్ని మరమ్మతు లేకుండా వదిలేస్తే 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. మళ్లీ పాత నమూనాలోనే కట్టి తెరిచేసరికి 2021 వచ్చింది. అది సముద్రం ఎదుట నిలిచిన పెద్ద భవనం కాబట్టి మళ్లీ కట్టారు. గుమాస్తా ఇంటిని ఎవరూ మళ్లీ కట్టరు.

ఇంటి యజమానురాలి మాట చెప్పకుండా ఈ లేఖ ముగిస్తే అది అన్యాయం. కొట్టు నడుపుతున్నది ఆవిడే. నేను వెళ్లి ఇవన్నీ చెబితే ఉల్లిపాయలు తూస్తూ విని, “అన్నయ్య గారూ, విలువ విలువ అంటున్నారు కదా, ఆ విలువ చూపిస్తే బ్యాంకు వాళ్లు అప్పిస్తారా?” అని అడిగారు. ఇవ్వరు. ఆ స్థలంలో రెండంతస్తులు లేపితే వచ్చే అద్దెలు ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. మన ముచ్చట కోసం ఆవిడ నష్టపోవాలని అడిగే హక్కు నాకు లేదు, మీకూ లేదు. పాత ఇంటిని ఉంచమనేవాళ్లు ఆ ఖర్చులో పాలు పంచుకోవాలి. ఆస్తి పన్ను మాఫీ చేయడం మీ చేతిలో ఉన్నంత వరకు చేయండి, మీ చేతిలో లేనిదానికి ప్రభుత్వానికి తీర్మానం పంపండి. కట్టుకోకుండా వదులుకున్న అంతస్తులకు బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కు ఇవ్వండి, అంటే ఆ అంతస్తుల హక్కును ఇంకోచోట కట్టుకునేవాళ్లకు అమ్ముకోగలిగే టీడీఆర్ బాండ్లు. ఆ బాండ్ల పేరు చెబితే మన వైపు జనం ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు, కారణాలూ తెలుసు. లెక్క పారదర్శకంగా నోటీసు బోర్డులో పెడితే ఎవరికీ మాట్లాడే అవకాశం ఉండదు. పెరట్లో, నుయ్యి వెనక, రోడ్డుకు కనబడకుండా రెండు గదులు పక్కాగా కట్టుకోవడానికి అనుమతివ్వండి. ఆవిడ అడుగుతున్నది అదొక్కటే, ఆ దరఖాస్తు ఇప్పటికీ మీ దగ్గరే పెండింగులో ఉంది.

మరి రోడ్డు? వెడల్పు కావాలి, కాదనను. బడి వదిలే వేళ ఆ మలుపులో పిల్లలు ఆటోల మధ్య నడుస్తుంటే చూడలేం. అందుకే మీ విస్తరణ ప్లాను నకలు తీసుకుని కొలిచాను. ఆ వైపు మీరు తీసుకుంటున్నది ఏడడుగులు. అందులో వాహనాలకు పోయేది ఒక్క అడుగూ లేదు. రోడ్డు అంచున అడుగు వెడల్పు మురుగు కాలువ, దాని వెనక ఆరడుగుల నడకదారి. వసారా కొలత కూడా ఆరడుగులే. మీరు వసారాను పడగొట్టి, అదే స్థలంలో, అదే వెడల్పుతో ఎండలో నడకదారి కడతామంటున్నారు. దానికంటే వసారానే నడకదారి చేయండి. నాలుగు స్తంభాల ముందు మూతలున్న మురుగు కాలువ వేయండి, కప్పు కింద నుంచి జనాన్ని నడవనివ్వండి. రెండు కొసల పిట్టగోడలు తీసేయాలి, సరుకు కాస్త లోపలికి జరపాలి, అందుకు ఆవిడ ఒప్పుకున్నారు. నేల హక్కు పురపాలక సంఘానిది, కప్పు ఇంటిది అని ఒప్పందం రాసుకోవచ్చు. ముంబయిలో దాదాభాయ్ నౌరోజీ రోడ్డు వెంట పాత భవనాల కింద జనం రోజూ అలాగే నడుస్తున్నారు. రోడ్డూ అరుగూ సమానం కావడం ఇక్కడ ఒక్కచోట మనకు కలిసొచ్చింది, మెట్టు కూడా దిగనక్కర్లేదు.

కాలువ గట్టు వైపు రోడ్డు జరపమని నేను అడగడం లేదని గమనించండి. ఆ గట్టు నీటిపారుదల శాఖది. అక్కడ ఒక్క అడుగు కావాలంటే ఎన్ని బల్లల మీదుగా కాగితం నడవాలో నా ఉద్యోగమంతా చూశాను. నేను చెబుతున్న మార్గానికి మీ కౌన్సిల్ తీర్మానం ఒక్కటి చాలు.

కాబట్టి వచ్చే సమావేశంలో ఆ ఒక్క కట్టడం వరకు తొలగింపు తీర్మానాన్ని వాయిదా వేయండి. పాత పన్ను రిజిస్టరు తీయించండి. సున్నపు పని తెలిసిన మేస్త్రీని తీసుకుని మీ ఇంజనీరు గారిని ఈసారి లోపలికి పంపండి. ఈ రోడ్డు మీద తారు మళ్లీ వేసేటప్పుడు పాత పొర చెక్కి వేయాలని కాంట్రాక్టు షరతుల్లో రాయండి, ఆ కొట్టు సంగతి ఎలా తేలినా సరే, పేటలో మిగతా ఇళ్లకైనా నీరు రాకుండా ఉంటుంది. కొలతలు తీసే రోజు ముందుగా కబురు చేస్తే నా కాగితాలు, టేపు తీసుకుని వస్తాను. నా లెక్కలో అంగుళం తేడా ఉన్నా అక్కడే అందరి ముందూ సరిదిద్దుకుందాం.

ఇట్లు,
కాలువ అవతలి పేట నివాసి,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఓవర్సీయరు